కిటికీ కింద చెప్పిన కథ

పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో ఒదెత్‌కు ఇరవై రెండేళ్లుగా ఒకటే పని, వచ్చినవాళ్లకు ఊరు చూపించడం. పెద్ద చర్చి, నీలి పలకల గోడలు, నది మీది ఇనుప వంతెన, అన్నీ మూడు గంటల్లో చుట్టేసి, ద్రాక్షసారా గోదాముల దగ్గర వదిలిపెడుతుంది. మాటకారి. ఆ మాటే కొంప ముంచింది.

నది దగ్గరి మెట్లవీధిలో, రెండో అంతస్తు కిటికీలో ఫెలిస్మీనా ముసలమ్మ రోజూ కూర్చుని ఉంటుంది. ఒదెత్ తల్లి తెల్లారకముందే చేపల మార్కెట్‌కు పోతే, ఈ పిల్లకు జడలు వేసి, క్యాబేజీ సూపు తాగించి బడికి పంపింది ఈవిడే. ఇప్పుడు ఒదెత్‌కు నా అన్న మనిషి ఈవిడ తప్ప లేదు. అలాంటి మనిషిని పట్టుకుని ఏం చేసిందో చూడండి! ఒక ముసురు రోజున జనం ఆవులిస్తుంటే, ఆ కిటికీ వైపు చెయ్యి చూపి ఒక కథ అల్లేసింది. ఆమె భర్త చేపల వేటకు ఉత్తర సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదట. నలభై ఏళ్లుగా అక్కడే కూర్చుని ఎదురుచూస్తోందట. ఆవులింతలు ఆగాయి, కెమెరాలు లేచాయి. ఇంకేముంది, అది రోజువారీ కథైపోయింది.

నిజానికి ఆమె భర్త అబీలియో పడవెక్కిన మనిషే కాదు, ట్రాము కండక్టరు. పక్షవాతంతో పదకొండేళ్లు ఆ గదిలోనే మంచాన పడితే, ఎత్తి దించి, కడిగి, తినిపించి, కడదాకా చూసుకుంది ఫెలిస్మీనా.

ఒదెత్ కథ చెప్పేది ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో. ముసలమ్మకు రెండూ రావు. మా పాత ఇంటి గురించి చెబుతోంది కాబోలు పిల్ల అనుకుని, పైనుంచి సంబరంగా చెయ్యి ఊపేది. ఊపినప్పుడల్లా ఒదెత్ చూపు తిప్పుకునేది. రేపటి నుంచి మానేస్తాననుకునేది. ఆ రేపు ఆరేళ్లయినా రాలేదు.

మొన్న ఏప్రిల్‌లో గ్వార్దా కొండల నుంచి ఒక చర్చి బస్సులో నలభై మంది పెద్దవాళ్లు దిగారు. అంతా పోర్చుగీసు వాళ్లే. మెట్లవీధికి రాగానే అలవాటు కొద్దీ ఒదెత్ చెయ్యి లేచింది, నోరు తెరుచుకుంది. భర్త సముద్రంలోకి వెళ్లేదాకా చెప్పాక గాని తను ఏ భాషలో మాట్లాడుతోందో తట్టలేదు. పైన ఊగుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆపావేం తల్లీ, తర్వాతేమైంది?" అంది ముందున్న ఒకావిడ. ఒదెత్ కళ్లు కిటికీ మీదికి పోయాయి. "పోనీలే, ఆవిడ్నే అడుగుదాం" అంటూ ఆవిడ తలెత్తి కేకేసింది. "ఏమమ్మా, మీ ఆయన ఇంకా రాలేదా?"

ఫెలిస్మీనా ఒదెత్‌కేసి చూసింది. అంతమందిలో నెత్తురు చుక్క లేని ముఖంతో నిలబడి ఉంది పిల్ల.

"ఇంకా రాలేదమ్మా. చూస్తున్నాను" అంది.

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. మగవాళ్లు టోపీలు తీశారు. ఒదెత్ వాళ్లను గోదాముల దగ్గర వదిలి, రొప్పుకుంటూ వచ్చి ముసలమ్మ గదిలో పడింది.

"పెద్దమ్మా, నన్ను చెప్పుతో కొట్టు."

"కొడితే నా చెయ్యి నొప్పి. ఎన్నాళ్ల నుంచే?"

"ఆరేళ్లు."

"ఆరేళ్లా! పిచ్చిదాన్లా చెయ్యి ఊపాను కదే!"

"అదంతా అబద్ధమని అనేస్తే పోయేదిగా! ఎందుకలా చెప్పావు?"

"అంటే నీ పరువేం కాను? రేపు నిన్నెవరు పిలుస్తారు? చప్పున నోటికొచ్చేసిందే."

ఒదెత్ కుర్చీ పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. ఫెలిస్మీనా ఏడవలేదు. కళ్లు మాత్రం నేల మీదినుంచి ఎత్తలేదు.

"పదకొండేళ్లు, ఒక్క పూటా నన్నొదిలి ఉండలేదు ఆయన. ఇవాళ నా నోటితో నేనే, వెళ్లిపోయి రాలేదన్నాను." తలెత్తకుండానే చెయ్యి చూపింది. "గోడ మీద ఆయన ఫోటో ఉంది, వెనక్కి తిప్పి పెట్టు. నాకు ముఖం చెల్లడం లేదు."

"తప్పు నాది పెద్దమ్మా, నీది కాదు."

"తిప్పవే."

ఒదెత్ లేచి తిప్పింది.