పెద్దక్క కీబోర్డులు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హిందూపురంలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసుకునే మనిషిని. చచ్చినవాళ్లు తిరిగొస్తారంటే ఇప్పటికీ నమ్మను. కానీ ఇది మాత్రం నా కళ్లతో చూశాను.

మా పెద్దక్క పెనుకొండలో డీటీపీ సెంటర్ నడిపేది. అమ్మ పోయాక నన్నూ, మా చెల్లెలు రమణినీ పెంచింది ఆమే. రమణి అంటే ఆమెకు ప్రాణం. నాకు అన్నం పెట్టింది, ఫీజులు కట్టింది, ఏ లోటూ చేయలేదు. ఒళ్లో పడుకోబెట్టుకుంది మాత్రం రమణినే.

పెద్దక్క పోయాక సెంటర్ మూసేశాం. ఆమె వాడిన పాత కీబోర్డులు రెండు మిగిలితే చెరొకటి తీసుకున్నాం. రెండూ ఒకే రకం. నాదాని వెనక మాత్రం చిన్న కాలిన మచ్చ ఉంది. ఒక ఆయుధపూజ నాడు పెద్దక్క చేతిలోని ఊదుబత్తి తగిలింది.

దాన్ని ఎంత జాగ్రత్తగా దాచానో నాకే తెలుసు. వైరు కీబోర్డుకే చుట్టి పెడితే ప్లాస్టిక్ మీద గాట్లు పడతాయని విడిగా మడిచాను. బుడగల కవరు మచ్చలు చేస్తుందని తెల్లకాగితంలో, ఆపైన నూలుగుడ్డలో చుట్టాను. ఎండ తగలని అలమరలో, పైన బరువు లేకుండా పెట్టాను. అయినా పసుపుపచ్చగా మారింది. మూల పగిలింది.

రమణిని ధర్మవరంలో మగ్గాల ఇంట ఇచ్చాం. ఒకసారి పోయినప్పుడు పట్టుచీరల బీరువా తెరిచి తన కీబోర్డు చూపించింది. చీరల కింద, వైరు బిగించి చుట్టి, పక్కన కలరా ఉండలతో పడేసి ఉంది. ఆ ఉండలకు ప్లాస్టిక్ పాడైపోవాలి. కానీ అది కొన్ననాటి తెలుపులోనే ఉంది.

"ఏం చేస్తాండావే దీనికి?" అన్నాను.

"ఏం చేస్తా చిన్నక్కా? చీరల మాదిరే పెట్నా. అది ఉండాదనే మర్చిపోయినా."

మర్చిపోయిందట! తర్వాతిసారి నాది తీసుకెళ్లి, మార్చుకుందామన్నాను. ఒక్క మాట కూడా అడగకుండా తనది నా చేతిలో పెట్టింది. ఆ మంచితనానికి ఇంకా కుళ్లుకున్నాను.

తెచ్చి అదే అలమరలో, అంతే జాగ్రత్తగా పెట్టాను. దసరా వచ్చేలోపు అదీ పచ్చబడి, మూల పగిలింది.

పండక్కి దాన్ని సంచిలో వేసుకుని ధర్మవరం పోయాను. రమణి మగ్గాలకు బొట్లు పెడుతోంది. బీరువా నేనే తెరిచాను. నేను వదిలిన కీబోర్డు తెల్లగా ఉంది. తిప్పి చూస్తే వెనక ఊదుబత్తి మచ్చ ఉంది. మూలన పగులు లేదు. వేలితో రాసి చూశాను, గీత కూడా తగల్లేదు.

"రెండూ నువ్వే తీస్కపో చిన్నక్కా. నీకే ఆశ ఎక్కువ," అంది రమణి.

రెండూ అక్కడే వదిలేసి బస్సెక్కాను.

తెలిసినవాళ్లను అడిగాను. పచ్చబడటానికి కారణాలు చెప్పారు. పగులు ఎలా పూడిందో ఎవరూ చెప్పలేకపోయారు. మళ్లీ ఒకటి తెచ్చి పెట్టి చూడమని మా ఆయన అంటారు. తేను. ఇంకోసారి పగిలితే, పెద్దక్క నన్నూ అంతే ప్రేమించిందేమో అన్న ఆ కాస్త ఆశ కూడా పోతుంది.