వేలి బిగింపు

జానయ్య మొదటిసారి గెలిచింది విరిగిన స్పార్కు ప్లగ్గు మీద. పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, ఇరవై రెండేళ్ల వయసులో. మంచాల నుంచి ఒక కాంట్రాక్టరు తన ఫియట్ కారును తాళ్లతో కట్టించుకుని ఇబ్రహీంపట్నం తెచ్చాడు. ప్లగ్గు మెడ దగ్గర విరిగి, కింది ముక్క ఇంజను హెడ్డులోనే ఇరుక్కుపోయింది. పట్నంలో ఇద్దరు పేరున్న మెకానిక్కులు చూసి, హెడ్డు మొత్తం విప్పాల్సిందే, వారం పడుతుందని చేతులు దులుపుకున్నారు. జానయ్య ఒక్క రోజు అడిగాడు. విరిగిన చోట కిరోసిన్ పోసి పొద్దంతా నాననిచ్చాడు. పాత ఆకురాయి తోకకు గ్రీజు పట్టించాడు, రజను ఇంజనులోకి రాలకుండా. దాన్ని ముక్క నడుమ దిగగొట్టి తిప్పడం మొదలుపెట్టాడు. వెంట్రుక మందం ఇటు, వెంట్రుక మందం అటు, గంటన్నర సేపు. ముక్క ఊడి అరచేతిలో పడ్డప్పుడు చూస్తే హెడ్డు మరలకు ఒక్క గీత లేదు. ఆ కబురు సాగర్ రోడ్డు పొడవునా పాకింది.

ఏడో తరగతితో బడి మానిన మనిషి. అయినా ఆయన సాధించినవి ఏకరువు పెడితే ఒక పూట చాలదు. ముప్పై ఆరేళ్లు ఒకే షెడ్డు. కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు విని, ఎన్నో ప్లగ్గు సరిగ్గా పేలడం లేదో చెప్పేవాడు. పెద్ద ఆఫీసరు జీపు చెరువు కట్ట మీద ఆగిపోతే, ఆ ఆఫీసరు టీ తాగేలోపు నడిపించాడు. మీర్‌పేట నుంచి, జల్‌పల్లి నుంచి, దారిలో ఇరవై షెడ్లు దాటుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఒక జనవరి ఇరవై ఆరున పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ వాళ్లింటి ఇనుప బీరువాలో ఉంది, మడత నలగకుండా.

ఆయన పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. వేడి ఇంజను మీద ప్లగ్గు విప్పడు, మరలు ఊడొస్తాయని. కొత్త ప్లగ్గులను ముందు వేళ్లతోనే తిప్పి కూర్చోబెడతాడు. చివరి అర చుట్టు మాత్రం బండి తీసుకుపోయే రోజున, యజమాని కళ్ల ముందు, పానాతో బిగిస్తాడు. చూసిన వాడికి భరోసా, చేసిన వాడికి మర్యాద. ఇక దసరా రోజు పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దు పొడిచేదాకా ముట్టడు.

రెండు వేల ఇరవై నాలుగు దసరాకు వీటిలో చివరి రెండు కట్టుబాట్లూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

గోపాలరావు మీర్‌పేటలో ఉంటాడు. నరసరావుపేట వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పాత తెల్ల మారుతి, మూడు ప్లగ్గుల బండి, పండగకు రెండు రోజుల ముందు ఇచ్చి, పండగ మర్నాడు తీసుకుంటానన్నాడు. జానయ్య కొత్త ప్లగ్గులు వేళ్లతో తిప్పి, పానా బిగింపు మర్నాటికి ఉంచాడు. పండగ పొద్దున షెడ్డు కడిగి, పనిముట్లన్నీ పీట మీద పేర్చి పసుపు కుంకుమ పెట్టాడు.

పదకొండు గంటలకు గోపాలరావు, ఆయన భార్య అరుణకుమారి బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చారు. ఆమె తల్లికి నరసరావుపేటలో ప్రాణం మీదికి వచ్చిందని పొద్దున కబురు. పండగ పూట టాక్సీ దొరకలేదు. అరుణకుమారి చేతిలో స్టీలు డబ్బా ఉంది, తల్లికి ఇష్టమని చేసిన సున్నుండలు. ఆమె వెనక సీట్లో కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

జానయ్య బానెట్ ఎత్తి పీట వైపు చూశాడు. ప్లగ్గు పానా సరిగ్గా నడిమధ్యన ఉంది, దాని మీద బంతిపువ్వు. పూజకు వచ్చిన భార్య శంకరమ్మ ఆయన మనసు కనిపెట్టింది.

“తియ్యయ్యా ఆ పానా,” అంది నెమ్మదిగా. “ఎవలి ఆపతి ఎంతనో అమ్మవారికి ఎర్క లేదా?”

“ముప్పై ఆరేండ్లల్ల ఒక్కనాడు ముట్టలే. నా చేతి ఏళ్లు పానా కంటె తక్కువనా?”

అదీ ఆయన గర్వం. చేతి నరాలు ఉబ్బేదాకా మూడు ప్లగ్గులనూ వేళ్లతో తిప్పి బానెట్ వేశాడు. అంతా సిద్ధమేనా, దూరం వెళ్లాలని గోపాలరావు అడిగాడు.

“అంతా అయింది సారు. పోయి రాండ్రి.”

బండి షెడ్డు దాటి రోడ్డెక్కుతుండగా ఇంజనులో సన్నగా చఫ్ మంది, వదులు ప్లగ్గు సందులోంచి గాలి తన్నినట్టు. ఆ చెవి ముప్పై ఆరేళ్లుగా తప్పలేదు, ఆ రోజూ తప్పలేదు. చెయ్యెత్తి ఆపవచ్చు. ఆపితే పానా తీయాలి, బిగించలేదని ఒప్పుకోవాలి. జానయ్య చెయ్యి లేవలేదు.

కొండమల్లేపల్లి దాటాక నడిమి ప్లగ్గు హెడ్డు మరలతో సహా ఊడి బానెట్‌కు తగిలింది. తుపాకీ పేలినట్టు వినిపించిందట. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, బస్సులు నిండిపోయి ఆగకుండా వెళ్లాయి. గోపాలరావు జానయ్యకు ఐదుసార్లు ఫోన్ చేశాడు. జానయ్య జమ్మి కోసం మంచాలకు పోయాడు, ఫోన్ ఇంట్లో ఉంది. నాలుగు గంటల తర్వాత ఒక టెంపో ఎక్కించుకుంది. వాళ్లు నరసరావుపేట చేరేసరికి ఎనిమిదిన్నర. తల్లి పోయింది ఏడూ ముప్పావుకు. పొద్దటి నుంచి కూతురు వచ్చిందా అని అడుగుతూనే ఉందట. బండిని మర్నాడు డీసీఎం వ్యానులో నరసరావుపేట తెప్పించి ఆ ఇంటి పక్కన నిలబెట్టారు.

కర్మలు అయ్యాక గోపాలరావు షెడ్డుకు వచ్చి, జరిగినదంతా చెప్పి, రుమాలులో చుట్టిన ప్లగ్గు చూపించాడు. జానయ్య దాన్ని పట్టుకుని, మరల్లో అతుక్కున్న అల్యూమినియం పొట్టును చూస్తూ ఉండిపోయాడు.

“నువ్వు బిగించింది ఊడుతుందా జానయ్యా. బండికి వయసైపోయింది,” అని ఆయనే భుజం తట్టి వెళ్లాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తట్టిన చోట చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉండేది జానయ్యకు.

అప్పటి నుంచి ఆ చప్పుడు వదల్లేదు. కుక్కరు ఆవిరి విడిస్తే చఫ్. పక్క దుకాణంలో దర్జీ మిషను తొక్కితే చఫ్. ఎవరైనా సైకిలుకు గాలి కొడితే లేచి నిలబడేవాడు. షెడ్డుకు ఏ కారు వచ్చినా ముందు ఇంజను చూడడం మానేసి వెనక సీటు చూసేవాడు. అక్కడ ఒళ్లో డబ్బా పెట్టుకుని ఒకామె కూర్చుని ఉండేది. దగ్గరికి పోతే సీటు ఖాళీ. బాగు చేసి పంపిన బండ్లను ఆపి మళ్లీ బిగించేవాడు. బడిపంతులు పరమేశ్వర్ కారులో అలాగే బిగించీ బిగించీ ప్లగ్గు మెడ పుటుక్కుమనిపించాడు.

“నీ చేతిల ఇరిగిందా జానన్నా?” అన్నాడు పంతులు నవ్వుతూ. జానయ్య నవ్వలేదు. ఆ ముక్క తీయడానికి రెండు రోజులు పట్టింది.

ఈ సెప్టెంబరు మొదటి వారంలో గోపాలరావు ఫోన్ చేశాడు. బండి అమ్మేద్దామనుకుంటున్నాం, అక్కడి మెకానిక్కుకు ఏం చేయాలో చెప్పమన్నాడు. మాటల్లో మాటగా ఇంటి సంగతి చెప్పాడు. అరుణకుమారి ఏడాదిగా నరసరావుపేటలోనే ఉండిపోయింది. ఆ రోజు పొద్దున సున్నుండలు చుడుతూ గంట కూర్చున్నానని, ఆ గంట ముందు బయల్దేరితే అమ్మ కడచూపు దక్కేదని తనను తానే తినేస్తోంది. ఆమె అన్నదమ్ములు కూడా అదే మాట అంటున్నారు.

ఫోన్ పెట్టేశాక జానయ్య కంచం పక్కకు నెట్టాడు. శంకరమ్మ ముందు కూర్చుని, తానెలా చప్పుడు విని కూడా ఊరుకున్నాడో చెప్పాడు.

“ఏడాది సంది నీ మొకం చెప్తనే ఉంది,” అంది ఆమె. “నాకు చెప్తె ఏమొస్తది? ఆమెకు చెప్పు.”

రెండు రోజులు ఫోన్ చేతిలో తిప్పాడు. మూడో రోజు పొద్దున అరుణకుమారికే చేశాడు.

“అమ్మా, మీ సున్నుండలతోని ఆలస్యం కాలే. ప్లగ్గులు నేను బిగియ్యలే. ఏళ్లతోని తిప్పి ఇడిసిన. సారుకు చెప్పలే.”

ఆమె ఒక్కొక్కటే అడగసాగింది.

“పానా లేదా మీ దగ్గర?”

“ఉండె. పూజల పెట్టిన, తియ్యలే.”

“తీసి బిగిస్తే ఎంతసేపు పట్టేది?”

“రెండు నిమిషాలు గూడ పట్టకపోవు.”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే జానయ్యకు కాస్త ఊపిరాడేది. ఎండలో నాలుగు గంటలు నిలబడ్డామని, ఆ నాలుగు గంటలూ తనను తప్ప మరెవరినీ తిట్టలేదని మాత్రం చెప్పింది.

“ఫోన్లో వద్దు,” అంది చివరికి. “మా అన్నయ్యలను కూర్చోబెడతాను. ఈ మాటే వాళ్ల ముందు చెప్పండి. నేను చెబితే నమ్మరు.”

“వస్తనమ్మా.”

“మిమ్మల్ని క్షమిస్తానని పిలవడం లేదు.”

“ఎర్కే,” అన్నాడు జానయ్య.

వాళ్లు కొడతారేమోనని శంకరమ్మ భయపడింది. కొట్టనీ అన్నాడు. ఊడిన మరల చోట వేయడానికి స్టీలు చుట్టు ఒకటి, మర కోసే పనిముట్టు, మూడు కొత్త ప్లగ్గులు, పానా సంచిలో సర్దుకున్నాడు. ముందు మాట చెబుతాడు, ఆ తర్వాతే బానెట్ ఎత్తుతాడు. చెప్పాక బండి మీద చెయ్యి వేయనిస్తారో లేదో తెలియదు. శాలువా తీసుకుపొమ్మంటే వద్దన్నాడు.

శనివారం పొద్దున ఆరింటికి, నరసరావుపేట దారిలో ఉన్న మాచర్ల బస్సెక్కాడు. ముప్పై ఏడేళ్లుగా పనిరోజున మూతపడని షెడ్డు మూసి ఉంది. బండ్లు తెచ్చినవాళ్లు ఇంటికి వచ్చి అడుగుతున్నారు. పనయినా కాకపోయినా ఆ రోజుకు వస్తానన్నాడని శంకరమ్మ అందరికీ ఒకటే చెబుతోంది: సెప్టెంబరు ఇరవై మూడు, మంగళవారం.