ఇద్దరి మధ్య పడ్డ బంతి

పాప పుట్టాక ఉద్యోగం మానేసి ఆరేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. మళ్ళీ దొరికిన పని కొంచెం విచిత్రమైంది. జపాన్‌లో జరిగే ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటలను సింగపూర్‌లో, యూ టీ అనే పేటలోని మా ఫ్లాట్‌లో కూర్చుని చూస్తూ, ఒక్కో బంతికి ఏం జరిగిందో కంప్యూటర్‌లో నమోదు చేయాలి. ఆ ఆట గురించి నాకేమీ తెలియదని ఇంటర్వ్యూలోనే చెప్పాను. తెలియకపోతేనే మంచిది, చూసింది చూసినట్టు రాస్తారు అన్నాడు మా టీమ్ లీడర్. మూడు నెలల ప్రొబేషన్.

సోమవారాలు తప్ప దాదాపు రోజూ సాయంత్రం ఐదింటికి ఆట మొదలయ్యేది. అయిపోయాక నా రికార్డును మైదానంలోని అధికారిక స్కోరర్ రికార్డుతో పోల్చేవారు. తేడా వచ్చిన గళ్ళు ఎర్రగా తిరిగొచ్చేవి. నేను తడబడేది ఒక్కచోటే. బ్యాటర్ బంతిని కొట్టి, పరిగెత్తి, అవుట్ కాకుండా బేస్ అనే మజిలీ చేరాడంటే, అది అతని గొప్పా, పట్టాల్సినవాడి తప్పా? గొప్పయితే హిట్ అని రాయాలి. తప్పయితే ఎర్రర్ అని, పక్కనే ఆ ఫీల్డర్ నంబరు రాయాలి. రెండో నెల సగమయ్యేసరికి, ఇలాగే సాగితే కష్టమని లీడర్ మెత్తగానే హెచ్చరించాడు.

అప్పుడే మా అత్తగారు తెనాలి నుంచి నెల రోజులకని వచ్చారు. పాపకు టిఫిన్ పెట్టి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ నా పక్కన కూర్చుని ఆట చూసేవారు.

ఒకరోజు బంతి గాల్లోకి బాగా పైకి లేచింది. ఇద్దరు ఫీల్డర్లు దాని కిందికి పరిగెత్తుకొచ్చి, ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు. బంతి వాళ్ళ మధ్య గడ్డి మీద పడింది. దగ్గరున్నవాడి నంబరు మీద ఎర్రర్ కొట్టాను.

“వాడు దాన్ని ముట్టుకోనేలేదు గదమ్మాయ్. తప్పు వాడొక్కడిదేనని ఎట్టా రాస్తావు?” అన్నారు అత్తగారు.

సులువైన బంతి అత్తయ్యా, పట్టాల్సింది అన్నాను, కాస్త విసుగ్గానే.

“పట్టాల్సిందే. వాడు పడతాడని వీడు, వీడు పడతాడని వాడు.”

విరామంలో నిబంధనల పుస్తకం తెరిచాను. అలాంటి అయోమయంలో ఎవరి చేయీ తగలకుండా పడిన బంతికి మామూలుగా ఎర్రర్ ఇవ్వరనీ, బ్యాటర్‌కి హిట్ రాస్తారనీ ఉంది. దిద్దాను. ఆ ఆట రికార్డు ఒక్క ఎర్ర గడి కూడా లేకుండా తిరిగొచ్చింది.

మర్నాడు ఆ సంగతి చెబితే అత్తగారు నవ్వారు. చేతిలో పని ఆపారు.

“పాప పుట్టినప్పుడు నేనొచ్చి ఉండాల్సిందమ్మాయ్. నువ్వు పిలుస్తావని చూశాను.”

మీరే వస్తారని నేను చూశానని చెప్పాను. ఆరేళ్ళలో మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆమె మీద నాకు కోపం ఉండేది. నా మీద ఆమెకూ ఉండి ఉంటుందని అంతవరకూ తట్టలేదు. ఈసారి నోరు తెరిచి అడిగాను, ఇంకో నెల ఉండండి, నాకు అవసరం అని.

“నానమ్మ నో నీడ్ గో బ్యాక్ లా,” అంది పాప తన సింగపూర్ ఇంగ్లీషులో.

మావారు అత్తగారి వీసా గడువు పొడిగింపుకి దరఖాస్తు పెట్టారు. అనుమతి వచ్చింది. ఆ నెలలోనే నా ఉద్యోగమూ ఖాయమైంది. కబురు చెప్పగానే అత్తగారు వచ్చే సీజన్ ఎప్పుడు మొదలవుతుందని అడిగారు. మార్చి ఆఖర్న అన్నాను. అయితే తను మళ్ళీ రావడానికి ఫిబ్రవరిలోనే టికెట్ తీయమన్నారు.