కన్నీళ్ల మాస్టరు

ఎంబీఏ సీటు కోసం పిల్లలు తమ జీవితం గురించి రాసుకొచ్చే వ్యాసాలను దిద్దే మాస్టరు, ఎర్రపెన్ను మూత నములుతూ చదువుతాడు. ఏ కష్టమూ లేకుండా పెరిగినవాళ్లంటే అతనికి ఒళ్లుమంట. "కన్నీళ్లేవమ్మా ఇందులో? ఇలా రాస్తే సీటు ఎవడిస్తాడు?" అని కాగితాలు బల్లమీద విసిరికొడతాడు. మొన్న ఒకమ్మాయి వ్యాసంలో, లారీ నడిపే వాళ్ల నాన్నను రెండో పేరాలోనే ఎర్రసిరాతో చంపేశాడు. మర్నాడు ఆ పిల్ల నాన్నను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి, మాస్టరు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"నిన్న మీరు చంపింది ఈయన్నే సార్. ఈయన ముందే చదవండి, వింటాం," అంది. దిద్దిన కాగితాన్ని కోపంగా అతని ముందుకు తోసింది.

మాస్టరు ఆ పెద్దమనిషిని ఎగాదిగా చూశాడు. తాపీగా పెన్ను మూత తీశాడు.

"పోనీలే, బతికిద్దాం. ఒక కాలు తీసేస్తే చాలు."