అత్తాపూర్ బిల్లు

పదో తరగతితో నా బడి ఆగింది. మిగతా చదువంతా శంషాబాద్ శాఖా గ్రంథాలయంలోనే చదువుకున్నాను. విమానాశ్రయం ఉద్యోగులను తెచ్చి దింపే బండి నడిపేవాణ్ణి. ఒక ట్రిప్పుకూ ఇంకో ట్రిప్పుకూ మధ్య దొరికే సమయమంతా అక్కడి చెక్కబల్ల దగ్గరే గడిచేది. పేపరు కోసం వచ్చేవాళ్లు ముట్టని పుస్తకాలు నేను ముట్టేవాణ్ణి. వాటిలో అట్ట ఊడిపోయిన ఆబ్కారీ చట్టం ఒకటి. దాన్ని రెండుసార్లు చదివాను. అందుకే ఒక మాట ధైర్యంగా చెప్పగలను. మా ప్రాంతంలో బీరు అమ్మేవాడు గాని, కొనేవాడు గాని, వాళ్లిద్దరినీ పట్టుకునేవాడు గాని ఆ పుస్తకం తెరిచిన పాపాన పోలేదు.

పుస్తకంలో రాష్ట్రమంతటికీ ఒకటే చట్టం. బయట పది కిలోమీటర్లకొకటి. అత్తాపూర్‌లో వైన్స్ పక్కన పర్మిట్ రూంలో నిలబడి తాగితే పౌరుడివి. అదే సీసా తీసుకొని హిమాయత్ సాగర్ దగ్గర గట్టున కూర్చుంటే నేరస్థుడివి. జీపు వచ్చి ఆగుతుంది, నీ చొక్కా ఇస్త్రీ చూసి కేసు పెట్టాలో సలాం పెట్టాలో తేల్చుకుంటుంది. తుక్కుగూడ వైపు పల్లెల్లో వైన్స్ ఉండదు గాని, కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక బీరు ఉంటుంది. దాన్ని బెల్టుషాపు అంటారు. అక్కడ పప్పు అడిగిన గొంతుతోనే బీరు అడగాలి. లైసెన్సు ఉందా అని నేనొకసారి అడిగాను. కొట్టువాడు నాకు జ్వరమేమో అన్నట్టు చూశాడు.

ఇవన్నీ మగవాళ్లకు. ఆడవాళ్లకు ఇంకో చట్టం ఉంది, అది ఏ పుస్తకంలోనూ లేదు. అది నాకు పెద్దమ్మ వల్ల తెలిసింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మ పోయాక తన కూతురితో పాటు నన్నూ పెంచింది. నాకు అక్కయ్యే ఆ కూతురు తల్లిని అవ్వ అని పిలిచేది. మా ఊళ్లో ఆడవాళ్లు కల్లు తాగడం వింత కాదు. పండగకైనా, చావుకైనా మగవాళ్ల పక్కన కూర్చొనే తాగుతారు. బీరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరికి ఎక్కడలేని సంస్కారం పుట్టుకొస్తుంది. 2008లో విమానాశ్రయం తెరిచినప్పుడు పెద్దమ్మకు అందులో నేల తుడిచే పని దొరికింది. సెక్యూరిటీ దాటిన చోట, పొద్దున్నే, ఆడవాళ్లు ఎత్తు కుర్చీల మీద కూర్చొని పొడుగాటి గ్లాసుల్లో బీరు తాగడం చూసింది. ఒక్క మగవాడు కూడా తల తిప్పి చూడలేదని నాలుగు రోజులు అదే చెప్పింది.

మొదటి జీతం రోజు తనే శంషాబాద్ వైన్స్‌కు పోయింది. ఇనుప జాలీ వెనకున్నవాడు ఆమె భుజం మీదుగా చూసి వెనకవాణ్ణి ఏం కావాలని అడిగాడు. ఆ తర్వాత అతని వెనకవాణ్ణి. ఆమె కదలకపోయేసరికి, ఇంట్లో మగవాళ్లను పంపమన్నాడు. చట్టంలో అలాంటి నిబంధన ఏదీ లేదని నేను ఇంటికొచ్చాక చెప్పాను. పెద్దమ్మ నవ్వింది.

"ఆడ లోపటికి పోవాలంటే టికెట్టు గావాలె. ఈడ జాలీ కాడికి పోవాలంటే మీసం గావాలె. గంతే బిడ్డా."

అప్పటినుంచి ఆమె డబ్బులిస్తే నేను తెచ్చేవాణ్ణి. ఆదివారానికి ఒక సీసా. తలుపు వేసుకొని కాదు, వాకిట్లో కూర్చొని తాగేది. పోయేవాళ్లు గొణిగేవాళ్లు. ఆ గొణిగేవాళ్లలో సగం మంది నడవలేక మా గోడ పట్టుకొని పోయేవాళ్లే.

ఒక్క విషయంలో మాత్రం పెద్దమ్మ పట్టు విడవలేదు. విమానాశ్రయం తెరవకముందు జరిగిన పంచాయతీ ఎన్నికల్లో అభ్యర్థులు పంచిన మందు మూడు రోజులు తాగి పెదనాన్న పొలం గట్టున పడి చచ్చిపోయాడు. పంచినవాళ్లలో ఒకడు పాడె కూడా మోశాడు. అందుకే మంచాన పడ్డాక నన్నూ అక్కనూ దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పింది.

"నా మూడొద్దులకు బీరు పెట్టుండ్రి. కొనుక్కొచ్చిందే పెట్టుండ్రి. ఓట్లోళ్ల సీస నా ముందట పెట్టిన్రో, నేను ముట్ట."

మూడొద్దులంటే మనిషి పోయిన మూడోనాడు. ఆ రోజు సమాధి దగ్గర విస్తరిలో అన్నం, మాంసం, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తృప్తి పడినట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరు. నేను చదివినవాణ్ణే, కాకిలో పెద్దమ్మ ఉంటుందని నమ్మను. అయినా ఇచ్చిన మాట కాకికి ఇచ్చింది కాదు.

పెద్దమ్మ 2013 పంచాయతీ ఎన్నికల వారంలో పోయింది. మూడోనాడు సరిగ్గా పోలింగుకు ముందు రోజు. మండలమంతా వైన్సులు సీలు వేసి ఉన్నాయి. మద్యం లేకుండా ప్రజలు నిర్మలమైన మనసుతో ఓటు వేయాలని ప్రభుత్వం కోరిక. ఊళ్లో బెల్టుషాపు సరుకంతా అభ్యర్థులు ముందే కొని పశువుల కొట్టాల్లో గడ్డి కింద దాచారు. అంటే అమ్మే బీరు ఒక్కటీ లేదు, పంచే బీరు ఎంతైనా ఉంది. కులపెద్ద పొద్దున్నే వచ్చి, సర్పంచికి నిలబడ్డాయన మా ఇంటికి రెండు బీర్లు పంపుతానన్నాడని ఘనకార్యంలా చెప్పాడు. వద్దన్నాను. అత్తాపూర్ పట్నం కిందికి వస్తుంది, అక్కడ పంచాయతీ ఎన్నిక లేదు, వైన్సులు తెరిచే ఉంటాయి. మధ్యాహ్నం లోపల తెస్తానని బైకు తీశాను.

అత్తాపూర్‌లో పది గంటలకు షట్టర్ లేచింది. ఒక సీసా కొని బిల్లు అడిగాను. మా దగ్గర బిల్లు అడిగేవాడు ఉండడు కాబట్టి ఇవ్వడానికి వాళ్లకు చాలాసేపు పట్టింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, చట్టం నా పక్షాన ఉందన్న ధీమాతో బయలుదేరాను. అంత ధీమా పుస్తకం చదివినవాడికే వస్తుంది.

మా మండలంలోకి వచ్చే చోట రోడ్డు మీద డ్రమ్ములు అడ్డంపెట్టి చెక్‌పోస్టు పెట్టారు. కానిస్టేబుల్ సంచి విప్పి సీసా బయటికి తీశాడు. బిల్లు చూపించాను. ఒక సీసా సొంతానికి ఉంచుకోవడం నేరం కాదని, చావింటి పని మీద పోతున్నానని చెప్పాను. ఆయన బిల్లును అటూ ఇటూ తిప్పాడు.

"బిల్లు అత్తాపూర్‌ది గదనే. అత్తాపూర్‌లనే తాగు."

"చట్టం రెండు దిక్కులా ఒకటే గదా సార్?"

"రోడ్డు ఒకటే. చట్టం ఈ డ్రమ్ము కాడ మారుతది. సీస ఈడ పెట్టి పోతవా, ఎనకకు పోతవా?"

మేము మాట్లాడుతుండగానే అభ్యర్థి స్టిక్కరు వేసిన జీపు, వెనక టార్పాలిన్ కప్పుకొని, డ్రమ్ముల మధ్య నుంచి వెళ్లిపోయింది. చెయ్యి ఎత్తి దారి ఇచ్చింది ఈయనే.

వెనక్కి తిప్పాను. కొంత దూరం పోయి, పంక్చర్ షాపు పక్కన ఆగి, వెంట ఉన్న ప్లాస్టిక్ నీళ్ల సీసా ఖాళీ చేసి బీరు అందులోకి వంచాను. నురగ పొంగి మూడో వంతు నేలపాలైంది. మళ్లీ చెక్‌పోస్టుకు వస్తే అదే కానిస్టేబుల్. ప్లాస్టిక్ సీసా మూత తీసి వాసన చూశాడు, మూత పెట్టి నా చేతికే ఇచ్చాడు.

"గాజు సీస లేకుంటే కేసు లేదు. పో ఇగ."

రెండుసార్లు చదివిన చట్టంలో ఇది ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

సమాధి దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. విస్తరి పెట్టి గంట దాటిందట. కాకులు తుమ్మచెట్టు మీద ఉన్నాయి గాని దిగడం లేదు. విస్తరి పక్కన అభ్యర్థి పంపిన బీరు, మూత తీసి, పెట్టి ఉంది. కులపెద్ద నేను లేనప్పుడు పెట్టించాడు. అక్క ఆకలితో, ఏడుపుతో, తల్లి మాట పోయిందన్న కోపంతో ఒక పక్కన నిలబడి ఉంది. నేను పోయి ఆ సీసా తీసి అవతల పెట్టి, నాది పెట్టబోయాను. కులపెద్ద అడ్డం వచ్చాడు.

"నీళ్ల సీసల తెచ్చినవు. గిది బీరని ఎట్ల తెలుస్తది?"

జేబులోంచి బిల్లు తీసి చూపించాను. ఏ దుకాణం, ఏ సరుకు, అన్నీ చదివాను. చుట్టూ ఉన్నవాళ్లు చావు దగ్గర కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

"కాకికి సదువొస్తదారా?" అన్నాడు కులపెద్ద. "కంపెనీ సీస ఉంచుకొని, గీ గలీజు పెడ్తవా? జనం ఆకలితోని సస్తున్నరు."

వాళ్ల బాధ కాకి గురించి కాదు. అభ్యర్థి బీరు విస్తరి దగ్గర ఉంటే ఊరందరి కళ్ల ముందు ఆయన మా ఇంటి మనిషి అవుతాడు, తెల్లారితే మా ఇంటి ఓట్లు ఆయనవి అవుతాయి. ఈ లెక్క ప్రతి ఒక్కడికీ తెలుసు. ఒక్కడూ పైకి అనడు. చచ్చిన మనిషి నోటి ముందు నుంచి కూడా ఓటు ఏరుకునే జాతి ఇది.

నేను ఇంకేదో సెక్షను చెప్పబోతుంటే అక్క వచ్చి నా చేతిలోంచి సీసా లాక్కుంది. స్టీలు గ్లాసులోకి వంచింది. పదిమంది మగవాళ్లు చూస్తుండగా గ్లాసెత్తి ఒక గుక్క తాగింది. తాగి మూతి తుడుచుకొని కులపెద్ద వైపు చూసింది.

"బీరే. మా అవ్వది."

అక్క గ్లాసు విస్తరి పక్కన పెట్టి, "అవ్వా, కొనుక్కొచ్చిందే" అని చెప్పి వెనక్కి జరిగింది. అభ్యర్థి సీసాను అవతలికి తీసుకుపోయేవాళ్లు అప్పటికే ఇద్దరు తయారయ్యారు.

కాకి రావడానికి ఇంకా చాలాసేపు పట్టింది. వచ్చి మాంసం ముక్క ఎత్తుకొని పోయింది. గ్లాసు వైపు చూడనైనా లేదు. ముట్టిందని అందరూ అన్నారు. పెట్టిన మందును తర్వాత మగవాళ్లు తలా కొంచెం పంచుకోవడం మా దగ్గర పద్ధతి. కులపెద్ద ఆ పద్ధతి ప్రకారం గ్లాసు మీదికి చెయ్యి చాపాడు. అంతకు ముందు గలీజన్నది ఆయనే. అక్క గ్లాసు తన వైపు జరుపుకొని, సమాధి పక్కన నేల మీద కూర్చొని, నింపాదిగా చివరి దాకా తాగింది. తర్వాత లేచి, పద, అన్నం తిందాం అంది.