గోడల మీద సిమెంటు సాక్షులు

మా ఇంటి కప్పు సరిగ్గా నా కుర్చీలోనే కూలింది. ఆ కుర్చీలోంచి నేను లేచి అయిదు నిమిషాలు కాలేదు. పాస్టరుగారితో సహా పాతికమంది చూస్తుండగా జరిగిన ఆ వైభవానికి కారణం ఉప్పుగాలి కాదు, పాత ఇనుమూ కాదు. నేను. నవ్వదలుచుకుంటే ఇప్పుడే నవ్వేయండి. చివరికి వచ్చేసరికి అంత నవ్వు మిగలకపోవచ్చు.

అప్పటికి నేను రిటైరై రెండేళ్లు. నీటిపారుదల ఆఫీసులో హెడ్ క్లర్కుని. ముప్పై ఏళ్లు ఇంజనీర్ల ఫైళ్లు మోసినవాడికి తానూ ఇంజనీరునే అనే జబ్బు పట్టుకుంటుంది. పైగా పదో తరగతి నుంచి ఒక్కరోజూ మానకుండా డైరీ రాస్తున్నవాణ్ణి. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించాడు గానీ, ఆ పని నాకు అప్పగించి ఉంటే ముందు ఆరేళ్లు వివరాలు సేకరించేవాణ్ణి.

వాకాడు దాటాక, సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో మా నాన్న కట్టిన ఇల్లు. గోడలన్నీ బీటలు. కప్పు పెచ్చులూడి కంచాల్లో రాలేది. ఇంట్లో ముగ్గురం: నేను, నా భార్య సుగుణ, వీధిగదిలో మా పెద్దక్క రత్నమ్మ. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయి ఆ గదిలోకి వచ్చింది. చిన్నప్పుడు నా చెయ్యి పట్టి పలక మీద అక్షరాలు దిద్దించింది కూడా అక్కడే.

మరమ్మతు చేయించడమా, పడగొట్టి కట్టడమా? మేస్త్రీ పెంచలయ్య గోడ మీద రెండుసార్లు తట్టి తేల్చేశాడు.

"పడగొట్టేయండి సారూ. లోపల కడ్డీ లేదు, తుప్పే ఉండాది."

"ఆధారం?"

"ముప్పై ఏండ్లుగా గోడలు తడతాండాది గదా సారూ ఈ చెయ్యి!"

"చెయ్యి ఆధారం కాదు పెంచలయ్యా."

ఆధారం నేను తయారు చేశాను. మా ఇంజనీర్లు చేసేవాళ్లు: బీట మీద అడ్డంగా చిన్న సిమెంటు బిళ్ల పూసి తేదీ వేస్తారు. గోడ కదులుతుంటే బిళ్ల పగులుతుంది. కదలకపోతే నిలుస్తుంది. పదకొండు బీటల మీద పదకొండు బిళ్లలు పూసి, తడి మీదే మేకుతో తేదీలు గీశాను. వాటికి సాక్షులు అని పేరు పెట్టాను. ఏడాదిలో పగిలితే ఇల్లు పడగొట్టడం, పగలకపోతే మరమ్మతు.

రెండింటికీ సిద్ధంగా ఉండాలి కదా, కొత్త ఇంటి ప్లాను కూడా గీసి బల్ల మీద పరిచాను. అక్క కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కో గది మీదా వేలు జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది.

"అబ్బయా, ఈ గది ఎవురికి?"

"డైరీలకి అక్కా. బీరువాలో పట్టడం లేదు."

వేలు ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా తిరిగింది. "బాగుండాది. వాటికి గాలి బాగా తగలతాది," అని లోపలికి పోయింది.

ఆ రోజు డైరీలో రాసుకున్నాను: 'అక్కకు ప్లాను నచ్చింది.'

ఇక ప్రతి సోమవారం తనిఖీ. 'ఒకటో సాక్షి పగల్లేదు. రెండో సాక్షి పగల్లేదు.' ఒక్కో సోమవారం ఏదో ఒక బిళ్ల నల్లగా, చల్లగా తగిలేది. 'సముద్రపు తేమ' అని రాసుకున్నాను. నా మేధస్సును గమనించారు కదా.

"ఏందండీ, పెచ్చు సాంబార్లో పడింది. మీ సాక్షులు ఏమంటాండారు?" అనేది సుగుణ.

"కదల్లేదంటున్నారు."

"అయితే సాంబారే ఎగిరి కప్పుకు తగిలుంటాది లెండి."

ఏడాది నిండింది. ఒక్క బిళ్లా పగల్లేదు. పెంచలయ్య తల పట్టుకున్నాడు. నేను మరమ్మతు చేయించాను. బీటలు పూడ్చి, పూతలు పూసి, రంగులు వేయించి, కృతజ్ఞతా ప్రార్థనకు అందరినీ పిలిచాను. ప్రార్థన కాగానే, ఎవరూ అడక్కపోయినా, డైరీ పట్టుకొని లేచి హాలు మధ్యకి వెళ్లాను. యాభై రెండు వారాల సాక్ష్యం చదవడం మొదలుపెట్టాను.

"ఏడో సాక్షి, పగల్లేదు. ఎనిమిదో సాక్షి..."

వెనక గోడ కుంగింది. కప్పు మూల విరిగి నా కుర్చీని నేలలో కలిపేసింది. గోడల కొత్త ఆకుపచ్చ రంగు రాలిన దుమ్ముతో పాస్టరుగారు తానూ ఆకుపచ్చగా బయటకు పరుగెత్తారు. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వాకిట్లో నిలబడి నేను అరుస్తున్నాను: "సాక్షులు పగల్లేదే! ఒక్కటీ పగల్లేదే!"

"మూడు వారాలకే పగిలినాయి అబ్బయా," అంది అక్క. "ఆదివారం మీరు చర్చికి పోయినాక నేనే గీకేసి, అట్లకాడతో మళ్లీ పూసినా. నువ్వు మిగిల్చిన సిమెంటు ఊరగాయ జాడీలో దాపెట్టుకోనుండా."

మోకాళ్ల నొప్పులని ఆదివారాలు ఆమె ఇంట్లోనే ఉండేది.

"తేదీలు నా చేతిరాతే కదక్కా!"

"నీ చేతిరాత యాడి నించి వొచ్చింది?"

పాతికమందీ నా వంక చూశారు.

"ఎందుకక్కా? కప్పు నీ నెత్తిన పడుంటే?"

"నా గదిలోనే పొయ్యుందును గదా. నీ కొత్తింట్లో నాకు గదెక్కడుంది?"

హాల్లో మంచం వేస్తే చాలనుకున్నానని చెప్పబోయాను. చెప్పలేదు. నా జీవితంలో తెలివైన పని అదొక్కటే.

ఇల్లు పడగొట్టాం. కొత్త ప్లానులో అన్నిటికంటే ముందు అక్క గదే గీశాను. తూర్పు కిటికీ, నున్నటి గోడలు. అక్క రాలేదు. పక్కనున్న కోట ఊళ్లో మా చెల్లెలి దగ్గర ఉంటోంది. నెలకోసారి వెళ్లి అడుగుతాను.

"గది ఖాళీగా ఉందక్కా."

"డైరీలు పెట్టుకో అబ్బయా."

పెట్టలేదు. అవి నా మంచం కింద ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. సోమవారాలు మాత్రం ఆ గది తెరిచి గోడలు చూసి వస్తాను. ఎక్కడా బీట లేదు.

కనుక, ఆ డైరీలన్నిటి మీదా చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే ఇంటి ప్లాను గీయవలసి వచ్చినా, గోడలు గీసే ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకుంటాను. పెద్ద లెక్కేం కాదు. ముగ్గురమే ఉండేవాళ్లం.