మగ్గాల వీధికి ఇచ్చిన గుర్రం

ఆ రోజు ధర్మవరంలో అప్పగింత వేళకు ఉన్నవాళ్లు, ఉన్నవి: ఒక తెల్ల ఆడ గుర్రం, పళ్లను బట్టి వయసు తొమ్మిదేళ్లు. దాన్ని తెచ్చిన చిన్న లారీ, దాని డ్రైవరు. పెనుకొండ దగ్గర గుర్రాల షెడ్డు నడిపే అక్క. గుర్రాన్ని దత్తత తీసుకుంటున్న మామ, అత్త. ఎండుగడ్డి మోపులు ఆరు. నానబెట్టిన ఉలవలు ఒక బకెట్టు. సిమెంటు తొట్టి నిండా నీళ్లు. కొత్త పగ్గం. వేపచెట్టు, దాని కింద పన్నెండడుగుల నీడ. ఫారం పట్టుకొని నేను.

ఈ జాబితా ఫారం వెనక నేనే రాశాను. ఇప్పుడు చదివితే అందులో లేనిదే కనిపిస్తుంది. మామ ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. ఆ వీధిలో ఇంటికొకటి, కొన్ని ఇళ్లలో రెండు. ఒక్క మగ్గాన్నీ నేను రాయలేదు.

నేను పుట్టింది ఆ వీధిలోనే, మామ ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆయన నాకు రక్తసంబంధం కాదు, వీధి వరసకు మామ. నేను మెకానికల్ డిప్లొమా చదివి, పెనుకొండ పక్కన ఒక విడిభాగాల కర్మాగారంలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేస్తున్నాను. రోజంతా కొలవడమే పని. సెలవు రోజుల్లో అక్క షెడ్డుకు వెళ్లేవాణ్ణి. అక్క రిటైరైన నర్సు, హిందూపురం మనిషి. ఊరేగింపులకు పనికిరావని వదిలేసినవి, ఇటుకల బండి లాగి లాగి నడుం వంగినవి, రోడ్డు మీద దెబ్బ తగిలినవి, ఎవరు ఫోన్ చేసినా తెచ్చి పాత కోళ్లఫారం షెడ్డులో పెట్టుకునేది. గుర్రాలకు ఇళ్లు వెతికే ఫారం తయారు చేసింది నేను. ముప్పై ఒక్క ప్రశ్నలు, వందకు మార్కులు. డెబ్బై దాటితే ఇల్లు పాస్.

షెడ్డు స్థలం యజమాని ప్లాట్లు వేస్తానన్నాడు. నెలలోపు ఖాళీ చేయాలి. ఎనిమిది గుర్రాల్లో ఏడు వెళ్లిపోయాయి. కుంటి మగ గుర్రం పరిగిలో మల్బరీ తోట ఉన్న రైతు దగ్గరికి, తల్లీపిల్లా జంట కొత్తచెరువుకు, ఒక కన్ను పోయినది నల్లచెరువులో ఒక పాస్టరు గారి ఇంటికి, అలా. తెల్లది ఒక్కటే మిగిలింది. హిందూపురంలో పెళ్లిళ్లకు గుర్రాలు పంపే ఒకాయన దాని పాత యజమాని. వారానికి రెండుసార్లు ఫోన్ చేసి “ఉత్తినే కట్టేసుకున్నారు, నాకే ఇయ్యండప్పా” అనేవాడు. దాని నోటి మూలల్లో కళ్లెం కోసిన మచ్చలు రెండు వైపులా ఉన్నాయి. అందుకని ఇవ్వలేదు.

అది ఆడే గుర్రం. బ్యాండు మోగితే ముందు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దించుతుంది, మెడ వంచుతుంది. మీద పెళ్లికొడుకు కూర్చున్నంతసేపూ అదే. ఫారంలో దాని పేజీలో నేను ఎర్ర ఇంకుతో రాసి పెట్టాను: డప్పు, బ్యాండు, గుడి మేళం దగ్గర ఉంచకూడదు.

మామ ఇంటికి తనిఖీకి రెండుసార్లు వెళ్లాను. పద్నాలుగో ప్రశ్న “గుర్రం ఎందుకు కావాలి?” అన్నది. మామ నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

“నాకబ్బా. పోయినేడు కాలు పడిపోయింది కదా, దినాము అర్ధగంట నడవమన్యారు. వీధిలో ఉత్తినే అటూఇటూ తిరిగితే నవ్వుతారు. గుర్రాన్ని తోలుకోని పోతే ఎవురు నవ్వుతారు?”

“మేపగలవా అత్తా?”

“ముప్పై ఐదేండ్లు ఈయప్పను మేపినా. గుర్రం ఒక లెక్కా?”

“దానికి ఉప్పు చాల్లేదని చెప్పే నోరు ల్యా. అందుకే దాన్నే అడిగింది” అన్నాడు మామ.

ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వేశాను. పెరడు కొలిచాను. గోడ ఎత్తు ఐదడుగులు. నేలంతా నాపబండలు పరిచి ఉంది. వానకు బురద కాదు కాబట్టి గిట్టలు కుళ్లవని ఐదు మార్కులు కలిపాను. శబ్దం కోసం ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాను. వీధి కుక్కలు, చర్చి మైకు, రైలు కూత, పటాసుల అంగడి ఎంత దూరమో అన్నీ రాశాను. మీటరు అరవై డెసిబెల్స్ దగ్గర ఊగుతోంది. ఆ అరవై ఎక్కడి నుంచి వస్తోందని నేను అడగలేదు. పక్కన “నిశ్శబ్దం” అని రాశాను.

మా వీధిలో ఇంటికి మనిషి వస్తే మగ్గం దిగి రావడం మర్యాద. నేను వెళ్లిన రెండుసార్లూ మామ మగ్గాలు ఆగే ఉన్నాయి. మిగతా ఇళ్లవి నడుస్తూనే ఉన్నాయి. కానీ ఆ వీధిలో పెరిగినవాడికి అది శబ్దం కాదు. ఆగితేనే వినిపిస్తుంది.

అప్పగింత రోజు లారీ నుంచి దిగగానే గుర్రం చెవులు ముందుకు పెట్టింది. కుడి ముందు కాలు ఎత్తి, బండ మీద పెట్టి, మళ్లీ ఎత్తింది. “కొత్త నేలను పరీక్షించింది” అని రాశాను. మొత్తం ఎనభై నాలుగు మార్కులు. అంతకుముందు ఏ ఇంటికీ అన్ని రాలేదు.

నాలుగో రోజు మామ ఫోన్ చేశాడు.

“అబ్బా, నీ గుర్రం శానా హుషారుగా ఉండాది. పొద్దున నుంచి ఆడతానే ఉండాది. వీధంతా వచ్చి సూసి పోతాండారు. సెల్లులో కూడా పట్టుకుంటాండారు.”

“తింటాందా?”

“యాడ, దానికి ఆట ముందర తిండి గుర్తుంటేనా!” నవ్వాడు. నేనూ నవ్వాను. రిజిస్టరులో “ఉత్సాహంగా ఉంది” అని నమోదు చేశాను.

తొమ్మిదో రోజు అత్త చేసింది. ఆమె నవ్వలేదు. “నాయనా, ఇది బయటికి రానంటాది. రెండు దినాలు నాతో బాగా నడిచె. ఇప్పుడు వాకిలి దాకా వచ్చి నిలబడిపోతాది. మద్యాన్నం అందరూ బువ్వకు లేసినప్పుడు తల వాల్చి వణుకుతాది. ఒకసారి వచ్చి సూడు.”

షిఫ్టు మారడం కుదరలేదు. పన్నెండో రోజు వెళ్లాను. ఆలస్యం మూడు రోజులు. దాన్ని కూడా ఎక్కడో రాసి ఉంచాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి ఉదయం పది. మామకు చెప్పకుండా పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లాను, అందుకే ఆయన మగ్గం దిగలేదు. గుర్రం వేపనీడలో గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. చూసేవాళ్లెవరూ లేరు. కుడి కాలు, ఎడమ కాలు, కుడి కాలు. మెడ మీద చెమట ఎండి తెల్లటి గీతలు కట్టింది. గడ్డి మోపు విప్పినట్టే లేదు. బండ మీద రెండు చోట్ల రాయి తెల్లబడింది, గిట్టలు పడే చోట. వాచీ చూసి లెక్కపెట్టాను. నిమిషానికి నలభై ఆరు. అలా ఎందుకు చేశానో తెలియదు, ఇంట్లో మామ మగ్గం మీద పోగును బిగించే పలక దెబ్బలు కూడా లెక్కపెట్టాను. నలభై ఆరు.

లోపలికి పరిగెత్తి మామను ఆపమన్నాను. ఆయన పోగు నడిపే నాడె చేతిలోనే పట్టుకొని “ఏమైంది?” అన్నాడు. రెండో మగ్గం మీద ఉన్న కూలి మనిషి కూడా ఆపాడు. పెరట్లోకి వచ్చి ముగ్గురం చూశాం. గుర్రం ఒక్క క్షణం తడబడింది. తర్వాత పక్కింటి మగ్గం దెబ్బకు కాలు కలిపింది. ఇంకో వైపు నుంచి వేరే మగ్గం, వేరే వేగం. అది దానికీ కలపబోయింది, ఒక కాలు గాల్లో ఆగిపోయి ఒళ్లంతా ఒరిగింది.

“వీధంతా ఆపమని అడుగుదామా?” అన్నాను. నాకే తెలుసు, ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువదో.

“కూలికి నేసేటోళ్లప్పా అందరూ. ఒకదినం ఆపుతారు నా మొగం సూసి. ఎల్లుండి?” అన్నాడు మామ. అత్త అప్పటికే ఎడమ కాలు ఈడ్చుకుంటూ గుర్రం పక్కకు వెళ్లి దాని చెవులను రెండు అరచేతులతో మూసింది. మూసినా గుర్రం ఆగలేదు. బండలోంచి కూడా దెబ్బ తెలుస్తుంది. నేను చెప్పు విప్పి చూస్తే నా పాదానికే తెలిసింది.

హిందూపురం ఆయనకు ఫోన్ చేశాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను: దీన్ని ఎలా ఆపాలి?

“ఆపేది మేం నేర్పల్యాదప్పా” అన్నాడు. “ఆపేదానికి ఎవురూ దుడ్లు ఇయ్యరు. బ్యాండు నిలిస్తే అది నిలుస్తాది.”

“ఎంతసేపు ఆడుతుంది?”

“బ్యాండు నిలిచేదాకా” అని మళ్లీ చెప్పాడు, నాకు అర్థం కాలేదనుకొని.

అదే మధ్యాహ్నం లారీ పిలిపించి పెనుకొండకు తెచ్చేశాం. షెడ్డు రేకులు సగం అప్పటికే విప్పేశారు. గుర్రం లారీ దిగడానికి పావుగంట పట్టింది. ముందు కాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి, మంచు మీద నిలబడినట్టు నిలబడింది. అక్క రెండు గిట్టల మీద అరచేతులు పెట్టింది. నర్సు చేతులు, జ్వరం చూడటం అలవాటు.

“కాలిపోతాండావి” అంది. “నిన్ను నేను ఏమీ అనను. కానీ బండలకు ఐదు మార్కులు ఎవురు వేయమన్యారు నిన్ను?”

నది ఇసుక ఒక ట్రాక్టరు తెప్పించి అడుగు మందం పరిచాం. గంటకోసారి గిట్టల మీద చల్లని నీళ్లు పోశాం. బెంగళూరులో గుర్రాల డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఫోటోలు పంపితే చూసి శుక్రవారం చిన్న ఎక్స్‌రే మిషను తీసుకొని వస్తానన్నాడు. ఫోన్‌లోనే వివరించాడు. గట్టి నేల మీద అన్ని రోజులు కొడితే గిట్ట లోపలి పట్టు వదులుతుంది, ఎముక ముందుకు తిరిగి కిందికి దిగుతుంది. ఎంత తిరిగిందో డిగ్రీల్లో కొలుస్తారు. ఐదు లోపు ఉంటే మళ్లీ నడుస్తుంది. ఐదు నుంచి పది మధ్య అయితే చెప్పలేం. పది దాటితే నొప్పి తగ్గదు, సూది వేసి పంపించడమే దయ. మామకు, అత్తకు ఈ మూడు మాటలూ ఉన్నవున్నట్టు చెప్పాను.

బుధవారం వాళ్లిద్దరూ బస్సెక్కి వచ్చారు. చప్పుడేమీ లేదు. కొండ వైపు నుంచి గాలి తప్ప. గుర్రం కాళ్లు కదపకుండా ఉంది. రెండు రోజులుగా గడ్డి కొంచెం తింటోంది. అత్త దాని ముఖం దగ్గర నిలబడి చెబుతోంది: “బాగై రా. మన వీధి వద్దు. ఈడే నడుస్తాం, నువ్వూ నేనూ, ఇద్దరు కుంటోళ్లం.” మామ ఇసుక కుప్ప మీద కూర్చొని చూస్తున్నాడు.

గుర్రం కుడి కాలు ఎత్తింది. నొప్పికి ఒళ్లు జలదరించింది. దించింది. ఎడమ కాలు ఎత్తింది.

చుట్టూ చూశాను. మోటారు లేదు, మైకు లేదు. అప్పుడు మామ కాళ్లు కనిపించాయి. కూర్చున్నచోటే ఆయన పాదాలు ఇసుకను తొక్కుతున్నాయి, మగ్గం గుంటలో కర్రలు తొక్కినట్టు, ఒకటి మార్చి ఒకటి. ఆయనకు తెలియదు. నలభై ఏళ్లుగా ఎక్కడ కూర్చున్నా తొక్కుతూనే ఉంటాడు. పెళ్లి పందిట్లో, బస్సులో. మా వీధిలో అందరూ అంతే, ఎవరూ ఎవరికీ చెప్పరు.

“మామా, కాళ్లు” అన్నాను.

ఆయన కిందికి చూసుకున్నాడు. గుర్రాన్ని చూశాడు. రెండు మోకాళ్లూ చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఒక పాదం మళ్లీ కదిలింది. లేచి రోడ్డు దాకా నడిచి వెళ్లి, బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. అత్త వెళ్తూ “శుక్రవారం నేనొక్కదాన్నే వస్తా” అంది.

శుక్రవారం ఒక్కతే వచ్చింది. డాక్టరు గుర్రం ముందు కాళ్లను రెండు చెక్కదిమ్మల మీద పెట్టించి, నాలుగు ఫోటోలు తీశాడు. ఎడమ కాలు ఫర్వాలేదు, నాలుగు డిగ్రీలు అన్నాడు. కుడిది తెర మీద గీతలు గీసి చూసి, ఇంకోసారి గీసి, అక్కను పక్కకు పిలిచాడు.

నేను ఆ ఫోటోను పట్టణంలోకి తీసుకెళ్లి పెద్దగా ప్రింటు తీయించాను. కర్మాగారంలో వాడే కోణమాపకం నా సంచిలోనే ఉంటుంది. గిట్ట ముందు అంచు వెంట ఒక గీత, ఎముక ముందు అంచు వెంట ఒక గీత. పెన్సిలు సన్నగా చెక్కుకున్నాను. మూడుసార్లు గీశాను, ప్రతిసారీ పాత గీతలు చెరిపి. తిరిగి వచ్చేసరికి అత్త గుర్రం మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉంది.

“ఎంత వచ్చిందబ్బా?” అంది.

పదకొండున్నర.